లైసెన్సు ఫైలూ, తాయెత్తూ

2004లో దీపావళి శుక్రవారం వచ్చింది. అప్పుడు నేను వైశాలిలో ఉంటూ నోయిడాలో ఒక చిన్న చిప్ డిజైన్ కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం చేసేవాణ్ణి. మెట్రో వైశాలి దాకా రావడం 2011 జులైలో కదా, అప్పట్లో ఆఫీసుకి వెళ్ళడమంటే షేర్ ఆటో, తరవాత బస్సు, ఆపైన అదృష్టం. (అలవాటుగా వాడే మాటే లెండి, హేతువాద మిత్రులు కోప్పడకండి!) పండగ సెలవుల్లో కరెంటు పోయి వచ్చినప్పుడు వోల్టేజి ఎగిరి ఒక సర్వర్ మదర్‌బోర్డు కాలిపోయింది. శనివారం మెకానిక్‌ని పిలిపించి కొత్త బోర్డు వేయించాను. మెషీను హాయిగా లేచింది. నేనూ హాయిగా ఇంటికి పోయాను.

సోమవారం పొద్దున నలభై మంది ఇంజనీర్లు ఊరికే కూర్చున్నారు. ఒక్కరి టూలూ తెరుచుకోవడం లేదు. తెర మీద ఒకటే మాట, లైసెన్సు సర్వర్ పలకడం లేదని.

మా అకౌంట్స్ చూసే పెద్దాయన వచ్చి కారణం చెప్పేశారు. ఏటా దీపావళికి సర్వర్ గదిలో లక్ష్మీపూజ చేసి, మెషీన్లకి కుంకుమ పెట్టి, స్వస్తిక్ వేసేవారు. ఆ ఏడాది గది తాళం చెవి నా దగ్గర ఉండిపోవడంతో పూజ జరగలేదు. పైగా బోర్డు మార్చింది అమావాస్య మర్నాడు! ఇంకేం కావాలి?

అసలు సంగతి నాకు అరగంటలో అర్థమైంది, కానీ అర్థమైతే సరిపోదుగా. ఆ సాయంత్రం ఆరింటికి సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళకి అమెరికాకి మెయిల్ పెట్టాను. రాత్రి ఒంటిగంటకి వాళ్ళ జవాబు వచ్చి నా ఇన్‌బాక్సులో పడింది. మంగళవారం ఉదయం తొమ్మిదింటికి పెద్దాయన సర్వర్ గది ముందు కొబ్బరికాయ కొట్టారు. నేను బస్సు దిగి తొమ్మిదిన్నరకి ఆఫీసులోకి వచ్చి కొత్త ఫైలు పెట్టాను. నలభై మందికీ టూల్స్ తెరుచుకున్నాయి. ఆ క్రెడిట్ ఎవరికి పోయిందో మీకు చెప్పక్కర్లేదు. నేను ఆ కంపెనీ వదిలేదాకా ఆ కొబ్బరికాయ కథ వింటూనే ఉన్నాను.

ఒకటి తరవాత ఇంకొకటి జరిగితే మొదటిదే రెండోదానికి కారణం అనుకోవడం మనవాళ్ళకి కొత్త కాదు. అయితే ఆ రోజు నన్ను ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. నలభై మందీ చదువుకున్న ఇంజనీర్లే. లాజిక్ సర్క్యూట్లు గీసి బతికేవాళ్ళు. వాళ్ళల్లో ఒక్కరు కూడా తమ టూలు ఏ ఫైలు చదివి తెరుచుకుంటోందో ఎప్పుడూ చూడలేదు. లోపల ఏముందో తెలియని వస్తువు తాయెత్తు అవుతుంది. కట్టుకుంటే పనిచేస్తుంది, పోతే భయం.

ఆ తాయెత్తు విప్పి చూద్దాం. అదొక మామూలు టెక్స్ట్ ఫైలు. నోట్‌ప్యాడ్‌లో కూడా తెరవచ్చు. మొదటి వరసలో సర్వర్ పేరు, దాని హోస్ట్ ఐడీ, పోర్టు నంబరు ఉంటాయి. ఈ హోస్ట్ ఐడీ అనేది చాలావరకు నెట్‌వర్క్ కార్డుకి తయారీలోనే ఇచ్చే పన్నెండు అంకెల చిరునామా. రెండో వరసలో అమ్మినవాడి తరఫున కాపలా కాసే ప్రోగ్రాం పేరు. ఆ కింద ఒక్కో టూలుకి ఒక్కో వరస: టూలు పేరు, వెర్షను, ఏ తేదీ దాకా చెల్లుతుంది, ఒకేసారి ఎంతమంది వాడొచ్చు, చివర ఒక పొడుగాటి అంకెల గొలుసు. ఆ గొలుసే సంతకం. వరసలో ఉన్న వివరాలన్నిటినీ, హోస్ట్ ఐడీతో సహా, అమ్మినవాడి రహస్య తాళంతో కలిపి లెక్కకట్టి తీసింది. గడువు తేదీలో ఒక్క అంకె మార్చినా, పదిమందిని పదకొండు చేసినా లెక్క తప్పుతుంది. తమాషా ఏమిటంటే సర్వర్ పేరూ, పోర్టూ మీరు మార్చుకోవచ్చు, అవి సంతకంలో ఉండవు. హోస్ట్ ఐడీ మాత్రం మార్చలేరు. కొత్త మదర్‌బోర్డు మీద కొత్త నెట్‌వర్క్ చిప్పు, దానికి కొత్త చిరునామా. అంటే ఆ ఫైలు దృష్టిలో మా సర్వర్ చచ్చిపోయి వేరే ఎవరో వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారన్నమాట. అమావాస్యకీ దీనికీ ఉన్న సంబంధం కరెంటు ఆఫీసుకి తెలియాలి.

ఈ ఏర్పాటు ఎప్పుడు, ఎందుకు వచ్చింది? మొదట్లో సాఫ్ట్‌వేర్‌కి ధరే లేదు. ఐబీఎం కంప్యూటర్ అద్దెకి ఇస్తే ప్రోగ్రాములూ, వాటిని చూసుకునే మనుషులూ దానితోపాటే వచ్చేవారు. 1969 జూన్‌లో ఐబీఎం ఇక నుంచి కొన్నిటికి విడిగా వసూలు చేస్తామని ప్రకటించింది. అమెరికా ప్రభుత్వం గుత్తాధిపత్యం కేసు వేసిన కాలం అది. ప్రోగ్రాం విడిగా అమ్ముకునే సరుకు కావడం అప్పుడు ఊపందుకుంది. సరుకు అయ్యాక దొంగతనం అనే మాట వస్తుంది కదా! 1976 ఫిబ్రవరిలో ఇరవయ్యేళ్ళ బిల్ గేట్స్ కంప్యూటర్ అభిరుచి ఉన్నవాళ్ళకి ఒక బహిరంగ లేఖ రాశాడు. ఆల్టేర్ మెషీను కోసం తాము రాసిన బేసిక్‌ని వాడేవాళ్ళలో కొన్నవాళ్ళు పదిశాతం కూడా లేరనీ, మీలో ఎక్కువమంది దొంగలేననీ దాని సారాంశం. ఆ లేఖకి వచ్చిన జవాబుల్లో కోపం చాలా ఉంది. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు.

లేఖలతో పని జరగదని తెలిశాక తాళాలు వచ్చాయి. 1980 ప్రాంతంలో కొమొడోర్ పెట్ కంప్యూటర్ మీద నడిచే వర్డ్‌క్రాఫ్ట్ అనే ప్రోగ్రాంతో పాటు ఒక చిన్న ముక్క ఇచ్చేవారు, వెనక తగిలిస్తేనే ప్రోగ్రాం నడుస్తుంది. దానినే డాంగిల్ అన్నారు. ఈ మాట ఎక్కడిదంటే, డాన్ గాల్ అనే ఆవిడో ఆయనో కనిపెట్టారు కాబట్టి ఆ పేరు వచ్చిందని చాలామంది చెబుతారు. నేనూ ఒకప్పుడు నమ్మి నలుగురికి చెప్పాను. తీరా చూస్తే అది డాంగిళ్ళు అమ్మే రెయిన్‌బో టెక్నాలజీస్ కంపెనీ 1992లో ఇచ్చిన ప్రకటనలో పుట్టించిన కథ. డాన్ గాల్ అనే మనిషే లేడు. పురాణం పుట్టడానికి వేల ఏళ్ళు అక్కర్లేదు, పత్రికలో ఒక పేజీ కొంటే చాలు.

డాంగిల్ ఒక్క మెషీనుకి సరిపోతుంది. ఆఫీసులో నలభై మెషీన్లుంటే? వర్క్‌స్టేషన్లు నెట్‌వర్కులోకి వచ్చాక, 1988లో ఫ్లెక్స్‌ఎల్‌ఎమ్ వచ్చింది. గ్లోబ్‌ట్రాటర్ అనే కంపెనీది. 2000లో మాక్రోవిజన్ దాన్ని కొనుక్కుంది, తరవాత ఫ్లెక్సెరా చేతికి వచ్చింది. దీని ఆలోచన మన ఊరి గ్రంథాలయం లాంటిదే. పుస్తకాలు పది, చదివేవాళ్ళు నలభై. ఎవరైనా తీసుకోవచ్చు, పది మంది దగ్గర ఉంటే పదకొండోవాడు ఆగాలి. టూలు ఏ మెషీనులోనైనా ఉండొచ్చు, తెరిచేటప్పుడు సర్వర్‌ని అడిగి ఒక టోకెన్ తీసుకుంటుంది, మూసేటప్పుడు తిరిగి ఇస్తుంది. చిప్ డిజైన్ టూల్స్ ఖరీదు లక్షల్లో ఉంటుంది కాబట్టి ఆ రంగానికి ఇది ప్రాణం. నోయిడాకి ఈ రంగం కొత్తది కాదు. వెరిలాగ్ భాష పుట్టిన గేట్‌వే డిజైన్ ఆటొమేషన్‌ని 1989లో కొన్న కేడెన్స్‌కి 1980ల చివరి నుంచీ అక్కడ ఆఫీసు ఉంది. తరవాత ఎస్‌టీ మైక్రో, మోటరోలా, వాటి చుట్టూ మా కంపెనీలాంటి చిన్నాచితకా. ఇన్ని సర్వర్ గదుల్లో, ఇన్ని కుంకుమ బొట్ల కింద ఈ ఫైలు పడుకుని ఉండేది.

ఇక్కడ ఇంకో కథ చెప్పాలి, ఎందుకంటే నా ఉద్యోగంలో నేను గర్వపడే పని ఇదొక్కటే. ఆఫీసులో ఒక మూల సీటు ఉండేది. అక్కడ కూర్చున్న అమ్మాయికి టూలు తెరుచుకోవడానికి మూడేసి నిమిషాలు పట్టేది. మిగతావాళ్ళకి పది సెకన్లు. ఆ మూల వాస్తు బాగాలేదని తేల్చారు. నిజానికి తేల్చడం కూడా కాదు, ఎవరో నవ్వుతూ అన్నారు, రెండు నెలల్లో అది నిజమైపోయింది. మెషీను మార్చాం, అలాగే ఉంది. దాంతో సీటు మహిమ ఇంకా గట్టిపడింది! నేను మేనేజర్‌ని బతిమాలి ఒక్కరోజు ఆ అమ్మాయినీ, కిటికీ దగ్గర కూర్చునే కుర్రాణ్ణీ సీట్లు మార్చుకోమన్నాను. కుర్రాడికి మూల సీట్లో పది సెకన్లు పట్టింది. అమ్మాయికి కిటికీ దగ్గర కూడా మూడు నిమిషాలే. అంటే దోషం మూలది కాదు, మెషీనుది కాదు. మనిషి వెంట వస్తోంది.

ఇప్పుడు "అమ్మాయి జాతకం" అనేవాళ్ళు బయల్దేరకముందే నేను ఆమె లాగిన్ చూశాను. లైసెన్సు ఎక్కడుందో టూలుకి చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒకటి ఉంటుంది. పోర్టు నంబరు, సర్వర్ పేరు అందులో రాస్తాం. ఒకటికంటే ఎక్కువ ఉంటే యూనిక్స్‌లో కోలన్‌తో, విండోస్‌లో సెమీకోలన్‌తో విడదీస్తాం. టూలు వాటిని వరసగా ఒక్కొక్కటే అడుగుతుంది. ఆ అమ్మాయి పాత టీముల్లో పనిచేసినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ వరసకి ఒక పేరు తగిలించారు. ఏడు పేర్లు పోగయ్యాయి. అందులో మొదటి ఐదు సర్వర్లు ఎప్పుడో తీసేసినవి. టూలు పాపం ఒక్కో చచ్చిన సర్వర్ తలుపూ తట్టి, పలకదని తెలిసేదాకా నిలబడి, తరవాతి దానికి పోయేది. ఇది చాలదన్నట్టు, పనిచేసిన సర్వర్ల పేర్లని టూలు హోం డైరెక్టరీలో ఒక దాపుడు ఫైలులో గుర్తు పెట్టుకుంటుంది. మెషీను మార్చినా హోం డైరెక్టరీ నెట్‌వర్కు మీద వెంట వస్తుంది కదా.

ఆ సాయంత్రం అందరి లాగిన్లూ వెతికితే ఎవరికి వారు సొంతంగా కాపీ చేసి దాచుకున్న లైసెన్సు ఫైళ్ళు కుప్పలుగా దొరికాయి. కొన్ని గడువు తీరి రెండేళ్ళయినవి. "ఒకప్పుడు ఇది పెడితే పనిచేసింది" అని ఒకతను చెప్పాడు. అన్నీ తీసేసి, ఒకే సర్వర్, ఒకే చోట ఫైలు, దాని మార్గం ఒకే ఉమ్మడి స్క్రిప్టులో పెట్టాను. ఫైలు ఎప్పుడు మారిందో, ఎందుకు మారిందో రాసుకునే ఒక పుస్తకం పెట్టాను. సర్వర్ తన లాగ్‌లో ఎవరు ఎప్పుడు తీసుకున్నారు, ఎప్పుడు ఇచ్చారు, ఎవరికి లేదన్నాం అని నిమిషాలతో సహా రాస్తుంది. అది చదవడం మొదలుపెట్టాక తెలిసింది, "లైసెన్సులు చాలడంలేదు, ఇంకో రెండు కొనాలి" అనే పాత డిమాండులో సగం, రాత్రి టూలు మూయకుండా ఇంటికి పోయేవాళ్ళ వల్ల వచ్చిందని. వాళ్ళల్లో మేనేజర్ గారు కూడా ఉన్నారు. ఆ సంగతి చెప్పే ధైర్యం మాత్రం నాకు రాలేదు. ఊరికే వదిలేసిన టోకెన్‌ని కొంతసేపటికి వెనక్కి లాక్కునే సదుపాయం ఉంది, అది పెట్టి ఊరుకున్నాను.

తాళాల కథలో అన్నిటికంటే నాకు నచ్చేది విండోస్ 95 కీ. సీడీ డబ్బా మీద పది అంకెలు, మూడూ ఏడుగా విడగొట్టి ఉండేవి. నెహ్రూ ప్లేస్‌లో సీడీ అమ్మే కుర్రాళ్ళు ఆ అంకెలని మంత్రంలా నోటికి చెప్పేవారు. దాని వెనక ఉన్న పరీక్ష ఇంతే: చివరి ఏడంకెలూ కూడితే ఏడుతో నిశ్శేషంగా భాగించబడాలి. మొదటి మూడంకెల మీద 333, 444 లాంటివి కుదరవని చిన్న నిషేధం. అందువల్ల మొత్తం పది ఒకట్లు కొట్టినా విండోస్ తలుపు తీసేది! ఏడు ఒకట్లు కూడితే ఏడే కదా. న్యూమరాలజిస్టులు ఏడు అంకెకి ఏ మహత్తు ఉందంటారో నాకు తెలియదు గానీ, బిల్ గేట్స్ పెట్టెకి తాళం చెవి మాత్రం అదే. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చేసరికి ఈ అమాయకత్వం పోయింది. మెషీనులోని భాగాల వివరాలు లెక్కకట్టి, ముప్ఫై రోజుల్లో కంపెనీకి చెప్పి ఆక్టివేట్ చేసుకోమంది. మా కాలిపోయిన మదర్‌బోర్డు తలనొప్పి ఇంటింటికీ వచ్చింది.

మన చట్టం సంగతి క్లుప్తంగా. 1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాముని 1984 సవరణతో సాహిత్య రచనల్లో కలిపారు. అంటే చట్టం దృష్టిలో పేజ్‌మేకర్ కూడా కావ్యమే. 1994 సవరణ 1995 మే నుంచి అమలయ్యింది. దాని 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభైవేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. లాభం కోసం, వ్యాపారం కోసం కాకపోతే కోర్టు జైలు లేకుండా యాభైవేల లోపు జరిమానాతో వదిలెయ్యొచ్చు. న్యాయంగా కొన్నవాడు పోతుందేమోనన్న భయంతో ఒక బ్యాకప్ కాపీ తీసుకోవడం తప్పు కాదని కూడా అదే చట్టంలో ఉంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

చట్టం వచ్చాక అంకెలు వచ్చాయి. బిజినెస్ సాఫ్ట్‌వేర్ అలయన్స్ ఏటా దేశాలవారీగా పైరసీ శాతం ప్రకటించేది. ఇండియాలో 2011లో 63 శాతం అంది. పత్రికలు ఆ శాతాన్నీ, దానితో వచ్చే వందల కోట్ల డాలర్ల "నష్టాన్నీ" ఉన్నదున్నట్టు వేసేసేవి. సంశయవాదులం కాబట్టి అడుగుదాం, ఎలా లెక్కకట్టారు? దేశంలో ఎన్ని కంప్యూటర్లున్నాయి, ఒక్కో దానిలో సగటున ఎంత సాఫ్ట్‌వేర్ ఉంటుంది అని సర్వేలతో అంచనా కట్టి, అందులోంచి అమ్ముడైంది తీసేస్తే మిగిలింది పైరసీ. దాన్ని మార్కెట్ ధరతో గుణిస్తే నష్టం. అంటే నెహ్రూ ప్లేస్‌లో యాభై రూపాయల సీడీ కొన్న ప్రతి విద్యార్థీ, ఆ సీడీ దొరకకపోతే వేల రూపాయలు పెట్టి అసలుది కొనేవాడని అనుకోవాలి! 2005లో ఎకనామిస్ట్ పత్రిక ఈ లెక్కని ఎగతాళి చేసింది. 2010లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే ఇలాంటి అంచనాల మీద ఆధారపడటం కష్టమని నివేదిక ఇచ్చింది. తరవాత అలయన్స్ కూడా "నష్టం" అనడం మాని "వాణిజ్య విలువ" అనడం మొదలుపెట్టింది. అంకె మారలేదు, పేరు మారింది.

కానీ వాళ్ళ లెక్క తప్పయినంత మాత్రాన మన కాపీ ఒప్పవుతుందా? ఇక్కడే మా సంఘం ఇరుక్కుంది.

మేం కొద్దిమంది తెలుగువాళ్ళం కలిసి అప్పుడప్పుడు చిన్న పుస్తకాలు వేసేవాళ్ళం, బాబాల మహిమల గురించీ, వాస్తు గురించీ. వైశాలిలో ఒక సభ్యుడి ఇంట్లో కంపోజింగ్. ఒక సమావేశంలో ఓ పెద్దాయన, రిటైరైన స్కూలు టీచరు, నిదానంగా అడిగారు: "గాల్లోంచి విభూతి తీసేవాణ్ణి దొంగ అని రాస్తున్నాం. మనం ఈ అక్షరాలు ఎక్కడినుంచి తీస్తున్నాం బాబూ?" ఎవరం మాట్లాడలేదు. మా పేజ్‌మేకర్ నెహ్రూ ప్లేస్‌ది. తెచ్చింది నేనే. నేను పైన చెప్పిన అలయన్స్ లెక్కల వాదనంతా ఆయనకి వినిపించాను. ఆయన అంతా విని, "అది వాళ్ళ లెక్క. మన లెక్క అడిగాను" అన్నారు.

చందాలు పోగేసి ఒక తెలుగు డీటీపీ ప్యాకేజీ న్యాయంగా కొన్నాం. దానితో ప్యారలల్ పోర్టుకి తగిలించే డాంగిల్ వచ్చింది. అది లేకపోతే కీబోర్డు ప్రోగ్రాం నడవదు, ఫాంట్లు కనపడవు. కొన్నేళ్ళు బాగానే నడిచింది. తరవాత కొన్న కంప్యూటర్‌కి ప్యారలల్ పోర్టే లేదు. అమ్మినవాళ్ళకి ఫోన్లు చేశాం, ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు చూడండి తమాషా: అదే ప్యాకేజీ దొంగ కాపీ తెచ్చుకున్నవాళ్ళకి డాంగిల్ గొడవే లేదు కాబట్టి హాయిగా పనిచేస్తోంది. డబ్బు కట్టినవాళ్ళం మేం బయట నిలబడ్డాం. చట్టం బ్యాకప్ తీసుకోమంది, కానీ డాంగిల్‌కి బ్యాకప్ ఎలా తీస్తాం? 2012లో వచ్చిన 65ఎ సెక్షన్ తాళం పగలగొట్టడాన్ని నేరం చేసింది, అయితే హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో చేస్తేనే. నా పుస్తకం నేను చదువుకోవడానికి పగలగొడితే అది ఉల్లంఘన కాదని నా అభిప్రాయం. ఆ టీచరు గారు ఉండి ఉంటే ఒప్పుకునేవారనే అనుకుంటున్నాను.

అన్నిటికంటే బాధ వేరే ఉంది. ఆ కాలపు తెలుగు ఫాంట్లలో తెలుగు అక్షరం అసలు తెలుగు అక్షరం కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు, కొమ్ములూ గుడులూ విడివిడిగా, దాచేవారు. ఒక్కో కంపెనీది ఒక్కో అమరిక. ఫాంటు పోతే పుస్తకం మొత్తం పిచ్చిగీతలు. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే స్థానం ఉంది, ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు వచ్చింది. మరి మనం అటు ఎందుకు పోలేదు? ప్రెస్సు వాడు పాతదే అడిగేవాడు, మేం అదే ఇచ్చేవాళ్ళం. తాళం లేని దారులు చూపించినవాళ్ళు అప్పటికే ఉన్నారు. 1990ల మొదట్లో రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థులు చేసిన ఆర్‌టీఎస్, దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు, 2005లో కేంద్ర ప్రభుత్వం ఉచితంగా పంచిన తెలుగు సీడీ, హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ, వీవెన్ లేఖిని. వీటిలో దేనికీ హోస్ట్ ఐడీ అక్కర్లేదు.

2013 జనవరిలో ఒక వార్త గుప్పుమంది, అడోబి సీఎస్2ని అందరికీ ఉచితంగా ఇచ్చేసిందని. మా సభ్యుల్లో ముగ్గురు నాకు ఫార్వర్డ్ చేశారు. నిజం ఏమిటంటే, సీఎస్2ని ఆక్టివేట్ చేసే సర్వర్‌ని వాళ్ళు ఆపేశారు. కొన్నవాళ్ళు ఇబ్బంది పడకుండా ఆక్టివేషన్ అక్కర్లేని కాపీనీ, సీరియల్ నంబర్నీ సైటులో పెట్టారు. ఉచితం అని వాళ్ళు అనలేదు. కానీ పాత కొనుగోలుదారుకి తాళం తీసి ఇచ్చారు, ఆ మాత్రం మర్యాద మాకు తెలుగు ప్యాకేజీ అమ్మినవాళ్ళు చేయలేదు.

మా పాత పుస్తకాల్ని ఇద్దరు సభ్యులు అచ్చు ప్రతులు ముందు పెట్టుకుని యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేస్తున్నారు. అచ్చు ప్రతి దొరకనివి రెండున్నాయి. వాటి ఫైళ్ళు నా దగ్గర ఉన్నాయి, డాంగిల్ బీరువాలో ఉంది. ప్యారలల్ పోర్టు ఉన్న పాత కంప్యూటర్, విండోస్ 98ది, ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే చెప్పండి. వైశాలి, ఇందిరాపురం, కౌశాంబి చుట్టుపక్కల అయితే నేనే వచ్చి తీసుకెళతాను.